వాలు మరిచిన అచ్చు

శంషాబాద్‌లో డ్రోన్ రెక్కలు తయారుచేసే షెడ్డులో, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద వాటికి చెక్క అచ్చులు కోయడం నా పని. ఒకసారి, రెక్క తేలిగ్గా ఊడిరావడానికి అచ్చు గోడలకు ఇవ్వాల్సిన వాలు ఇవ్వడం మరిచిపోయాను. మాతో పనిచేసే అక్క ఒకామె అందులో రెండు రోజులు కార్బన్ గుడ్డ పరిచి, రెజిన్ జిగురు పూసి చేసిన రెక్క గట్టిపడ్డాక ఊడిరాలేదు.

“రెక్కనే కోసేద్దాం తమ్మీ. నేను మళ్ల చేస్త. నీ అచ్చుకు వారం పట్టింది గద,” అంది.

తప్పు నాదని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది.

“వాలు నేనే మరిచిపోయానక్కా. ఇందులో ఇంకోటి చేసినా ఇరుక్కుంటుంది,” అన్నాను.

ఉలి, సుత్తి తీసుకుని అచ్చును నేనే పగలగొట్టాను. రెక్క చెక్కుచెదరకుండా బయటపడింది. ఆమె దాని అంచులు తడుముతూ, “ముందుగాల్నే చెప్పొద్దా,” అంది నెమ్మదిగా.

కొత్త అచ్చును కంప్యూటర్‌లో గీసేటప్పుడు, వాలు సరిపోతుందో లేదో చూడమని ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాను.