మేనమామకు ఒక కీ

2023 వేసవి. నందికొట్కూరులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే షాపు నాది. మౌస్ ముట్టకుండా కీబోర్డు మీదే పెళ్ళంతా లాగించేస్తానని నాకు కాస్త పొగరు ఉండేది.

కీబోర్డు పైవరుసలో F1 నుంచి F12 దాకా ఉండేవి ఫంక్షన్ కీలు. ఏది నొక్కితే ఏ పని జరగాలో సాఫ్ట్‌వేర్‌లో మనమే పెట్టుకోవచ్చు. నేను F7ను మేనమామకు కేటాయించాను. ఆయన కనబడగానే నొక్కితే ఆ ముక్కకు మార్కర్, అంటే గుర్తు, పడుతుంది. గుర్తున్న ముక్కలు తప్పకుండా వీడియోలోకి ఎక్కిస్తాను. మా వైపు పెళ్ళిలో ఎవరికి తక్కువైనా సర్దుకుంటారు, మేనమామకు తక్కువైతే ఇంక అంతే.

ఒకరోజు పొద్దున్నే సుంకులమ్మక్క వచ్చింది. వాళ్ళ అమ్మాయి పెళ్ళి వీడియో అంతకుముందు వారమే ఇచ్చాను.

"ఏమప్పా, బుట్ట ఉండాది, బుట్టలో పాప ఉండాది. మోసిన మా యన్న యాడ?"

వేసి చూశాను. నిజమే! అన్నీ పెళ్ళికూతురి క్లోజప్పులే. బుట్ట మోసిన వాళ్ళన్న మద్దిలేటన్న చేతులు తప్ప మనిషి లేడు.

"రేపు మా గృహప్రవేశం. పుట్టింటి చీర తేను, నీ గడప తొక్కను అంటాండాడు. మా యన్న రాకుండా నేను పాలెట్ల పొంగించేది?" అని కళ్ళు తుడుచుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

తప్పు ఆ పెళ్ళికి ముందే కొన్న కొత్త లాప్‌టాప్‌ది అందామంటే, చూసుకోనిది నేనే. అందులో F7 పనిచేయాలంటే Fn అనే కీ కూడా కలిపి నొక్కాలి. ఉత్త F7 నొక్కితే మైకు ఆగుతుంది, మళ్ళీ నొక్కితే మొదలవుతుంది. పెళ్ళంతా నేను చేసింది ఆ పనే!

అదృష్టం బాగుండి, షూట్ చేసిందంతా హార్డ్ డిస్కులో ఉంది. సెట్టింగ్ మార్చి, అక్కను పక్కన కూర్చోబెట్టాను. "మీ అన్న కనపడితే ఇది నొక్కక్కా."

నొక్కింది చూడండి! అన్న బుట్ట మోస్తే నొక్కింది, వడ్డిస్తే నొక్కింది, చెమట తుడుచుకుంటే నొక్కింది. కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతుంటే రెండుసార్లు నొక్కింది.

"ఇది తీసేద్దాంలేక్కా."

"ఉండనీప్పా! మూడు దినాలు కన్ను మూయలేదు మా యన్న."

మధ్యాహ్నానికే వీడియో మళ్ళీ చేసిస్తే, అక్క పెన్‌డ్రైవ్ పట్టుకుని అన్న ఇంటికి పోయింది. మర్నాడు నన్నూ పిలిస్తే భయపడుతూనే వెళ్ళాను. కొత్త ఇంట్లో పుట్టింటి చీర కట్టుకుని అక్క పాలు పొంగిస్తోంది. హాల్లో మద్దిలేటన్న చుట్టాలందరికీ టీవీలో తన నిద్ర తానే చూపించి పడీపడీ నవ్వుతున్నాడు.

"రాప్పా! పెండ్లి పాపదా, నాదా?" అని నా భుజం చరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేను అలిసిపోయింది మా చెల్లెలు చూసిండాదప్పా" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

కొత్త మిషన్ కొంటే ముందు కీలన్నీ నొక్కి చూసుకోవాలని అప్పుడే బుద్ధి వచ్చింది. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. నేను పనికిరాదని తీసేయబోయిన ముక్కే ఆయన్ను చెల్లెలి ఇంటికి తీసుకొచ్చింది. అందుకే ఇప్పుడు ఏ పెళ్ళి ఎడిట్ చేసినా, ఆ ఇంటి మనిషి ఒకరు F7 ముందు కూర్చోవాల్సిందే.