చీకట్లో తిప్పిన నంబరు

మొన్న మంగళవారం తెల్లవారుతుండగా మా బావ పోయాడు. ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పత్తి మిల్లులో దూది నుసి పీలుస్తూ చాలాకాలం పనిచేసినవాళ్ళు పడుకుని పోవడం తక్కువ. మా అక్క గట్టిగా ఏడవలేదు. "దిండు సర్దమంటూనే ఉన్నారు, సర్దుతూనే ఉన్నాను" అని వచ్చినవాళ్ళందరికీ అదే మాట చెప్పింది.

ఆయన గుంటూరు పక్కన పత్తిలోంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో కరెంటు పని చూసేవాడు. నేను ఆ మిల్లులోనే కాటా దగ్గర గుమాస్తాని. ఆ ఉద్యోగం ఆయన అడిగి వేయించిందే. ఆ సంగతి బతికుండగా ఒక్కసారీ ఎత్తలేదు కాబట్టి నేనిక్కడ చెబుతున్నాను.

తక్కువ మాట్లాడేవాడు. స్విచ్చిబోర్డు తలుపు తీస్తూనే ముందు వాసన చూసేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కంచం ముందు కూర్చున్నా ముందు వాసన చూడాల్సిందే.

"మాడిందేమోనని చూస్తున్నారా?" అని అక్క దెప్పేది.

"మాడితే నాకు పెట్టవుగా. మీ తమ్ముడికి పెడతావు" అనేవాడు.

ఆయన్ని తలుచుకుంటే నాకు మిల్లు ఆఫీసులోని టెలిఫోనే గుర్తొస్తుంది. పొగాకు వ్యాపారం చేసిన ఒక దొర తన దేశం వెళ్ళిపోతూ మా కామందుగారికి ఇచ్చిపోయిన ఫోను అది. నల్లగా, బరువుగా ఉండేది. అంకెల చక్రం వెనక చిన్న బల్బు ఉందనీ, రిసీవరు ఎత్తితే అంకెలు వెలుగుతాయనీ కామందుగారు వచ్చినవాళ్ళకి చెప్పేవారు. మా దగ్గర ఏనాడూ వెలగలేదు.

మిల్లులో సాయంత్రం పని ఆగగానే బావ మెయిను దించేసేవాడు. దూది ఉన్నచోట ఎక్కడ చిన్న నిప్పురవ్వ రేగినా అంతే. లాంతరు, అగ్గిపెట్టె లోపలికి తేకూడదు. పొద్దు గూకాక అంత ఆవరణలో ఉండేది కాపలా పెద్దాయన ఒక్కడే. ఒక వేసవి సాయంత్రం, మేమందరం ఇళ్ళకు పోయాక, పత్తి బోరాలుండే షెడ్డు అంటుకుంది. పెద్దాయన చీకట్లో ఆఫీసులోకి వెళ్ళి ఫైరింజను వాళ్ళ నంబరు తిప్పాడు. ఎవరి ఇంటికో తగిలింది. మళ్ళీ తిప్పితే ఇంకెవరికో తగిలింది. చివరికి రోడ్డు మీదికి పరిగెత్తి, కనపడ్డవాళ్ళని పిలుచుకొచ్చేసరికి షెడ్డు కప్పు కూలిపోయింది.

మర్నాడు మేనేజరు అందరి ముందూ అడిగాడు. "ఎంత తాగావు?"

"నేను తాగనయ్యా. సరిగ్గానే తిప్పాను. బొక్కలు వేలితో తడుముకుని, లెక్కపెట్టుకుని తిప్పాను."

మా బావ అడ్డుపడ్డాడు. "ముసలాయన కదండీ. చీకట్లో కనపడక పొరబడి ఉంటాడు. వదిలెయ్యండి."

పెద్దాయన బావ వైపు తిరిగాడు. "పొరబడలేదు బాబూ" అన్నాడు. ఆ వారంలోనే ఆయన్ని పనిలోంచి తీసేశారు. దాచేపల్లిలో కూతురి దగ్గరికి పోయి, సున్నపురాయి క్వారీలో చేరాడని తెలిసింది.

ఇంకో కాపలావాడికి ఇలాంటిది జరగకూడదని బావ ఆ ఫోనుని పట్టుకున్నాడు. అడుగు బిళ్ళ విప్పి చూస్తే బల్బు మాడిపోయి ఉంది. టార్చిలైటు బల్బు తెచ్చి సరిపెట్టాడు. ఫోను లైనులో వచ్చే కరెంటు మాట్లాడుకోవడానికేగాని దీపానికి చాలదనీ, దీపానికి వేరే రెండు తీగలున్నాయనీ నాకు చూపించాడు. గోడ కరెంటుని టార్చి బల్బు ఓర్చుకునేంతకు తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టి కలిపాడు. మధ్యాహ్నం రిసీవరు ఎత్తగానే అంకెల కింద పచ్చటి వెలుగు వచ్చింది. కామందుగారు నవ్వారు. మేమందరం ఒక్కొక్కరం ఎత్తి చూశాం.

సాయంత్రం బావ అలవాటు ప్రకారం మెయిను దించాడు. ఫోను దీపం కూడా పోయింది.

ఇంటికొచ్చి చెబితే అక్క చాలాసేపు నవ్వింది. "ఎండలో వెలిగి చీకట్లో ఆరే దీపం మీరే పెట్టాలి."

"నవ్వు. నవ్వితే గాని నీకు అన్నం సయించదు" అన్నాడు బావ. తనూ నవ్వాడు. ఆ పనిలో ఆయన నవ్విన రోజు అదొక్కటే.

తర్వాత ట్రాన్స్‌ఫార్మరు తీసేసి టార్చి బ్యాటరీలు చెక్కపెట్టెలో పేర్చి, బల్ల కింద బిగించాడు. ఇప్పుడు మెయినుతో పనిలేదు. కానీ వెలుగు మసకగా ఉంది. అంకెలున్న బిళ్ళ పాతబడి పసుపెక్కింది. దాన్ని పళ్ళపొడితో తోముదామని చక్రం మొత్తం ఊడదీశాడు. నేను పక్కనే ఉన్నాను. వెనకవైపు, తిప్పిన చక్రాన్ని వెనక్కి లాగే పళ్ళ మధ్య, దూది నూనెతో కలిసి గట్టిపడి ఉంది.

బావ చక్రాన్ని తిప్పి వదిలాడు. అది ఆగి ఆగి వెనక్కి వచ్చింది. మళ్ళీ తిప్పి వదిలాడు.

"చక్రం తిరిగొచ్చేటప్పుడు పడే టకటకల్ని బట్టే ఎక్స్ఛేంజి అంకె లెక్కపెట్టుకుంటుందిరా" అన్నాడు. "ఇది ఇలా నత్తికొడుతుంటే, ఎంత సరిగ్గా తిప్పినా వేరే అంకే పోతుంది."

ఆయన చెయ్యి చక్రం మీదే ఉండిపోయింది. పగలు మాకు తప్పు నంబర్లు తగిలితే ఎక్స్ఛేంజిని తిట్టుకునేవాళ్ళం. పెద్దాయనకి తగిలితే పెద్దాయన్ని తిట్టాం.

కామందుగారికి చెబితే, "ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం? సరే, పెద్దాయన్ని మళ్ళీ పనిలోకి రమ్మను" అన్నారు. మిల్లులో ఎవరి మీద ఏ తప్పు మోపినా "ముందు తీగని చూడండి, మనిషిని తర్వాత అడుగుదురుగాని" అని బావ అనడం ఆనాటి నుంచే. చిన్నవాళ్ళు వెనకనుంచి ఆ మాటని వెక్కిరించేవాళ్ళు. విననట్టు పోయేవాడు.

ఆ ఆదివారం ఇద్దరం దాచేపల్లి బస్సెక్కాం. క్వారీలో పెద్దాయన తలనుంచి కాళ్ళదాకా రాతిపొడితో తెల్లగా ఉన్నాడు. నెత్తిమీది రాళ్ళ గమేళా దించి వచ్చాడు. బావ జేబులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచాడు. అందులో ఆ దూది ఉంది.

"చక్రంలో ఇది ఇరుక్కుంది పెద్దయ్యా. నువ్వు సరిగ్గానే తిప్పావు."

"ఆ మాట నేను అప్పుడే చెప్పాను కదా బాబూ."

"చెప్పావు. నేనే చీకటన్నాను."

"మంచికే అన్నారు" అన్నాడు పెద్దాయన. "దాంతో మేనేజరుగారికి ఫోను చూసే పనీ, ఇంకేం అడిగే పనీ లేకపోయింది."

బావ అగ్గిపెట్టెని ఆయన ముందుకు ఇంకాస్త చాపాడు. తర్వాత, "కామందుగారు రమ్మన్నారు. ఫోనులో దీపం కూడా పెట్టాను" అన్నాడు.

"పెట్టండి. వచ్చేవాడికి పనికొస్తుంది. నాకు అప్పుడూ అక్కర్లేకపోయింది."

పెద్దాయన అగ్గిపెట్టెలోంచి దూది తీసుకున్నాడు. మిల్లు మనిషి కదా, చేతులు ఊరుకోలేదు. రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి లాగి, పింజ పొడవు చూశాడు. నూనె మరకల మధ్య పోగులు సన్నగా సాగాయి.

"మంచి పింజే" అని వేళ్ళు విదిలించి, గమేళా ఎత్తుకుని దిగువకి పోయాడు. ఆ దూది కాస్త దూరం గాలిలో తేలి, రాతిపొడిలో ఎక్కడ పడిందో కనపడలేదు. మా బావ ఖాళీ అగ్గిపెట్టె తెరిచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన భుజాల మీద, తల మీద తెల్లటి పొడి వాలుతోంది. దులుపుకోలేదు.