ఔటర్ సిగ్నల్ దిగలేదు

మా ఆయన చేతిలోంచి పట్టకారు మొదటిసారి జారిపడినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. ఆదివారం పొద్దున, టిఫిన్ అయ్యాక, ముందుగదిలో తన బల్ల దగ్గర కూర్చుని సిగ్నల్ స్తంభానికి అగ్గిపుల్లంత నిచ్చెన అతికిస్తున్నాడు. వంగి పట్టకారు తీసిచ్చాను. మళ్లీ జారింది. ఆ వారంలోనే చొక్కా గుండీ పెట్టమని నన్ను పిలిచాడు.

"ఏమే, ఈ బొటనవేలు నా మాట ఇనటంలేదే," అన్నాడు. అప్పుడు ఇద్దరిలో ఎవరమూ నవ్వలేదు.

నరసరావుపేటలో ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లు ఈపూరు నుంచీ మాచవరం నుంచీ ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చేవి. మాడిపోయిన రాగితీగ ఊడబీకి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఇవ్వడం ఆయన పని. నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. మాకు పిల్లలు లేరు. సాయంత్రాలు నేను పేపర్లు దిద్దుకుంటుంటే ఆయన ఆ బల్ల దగ్గర ఉండేవాడు.

బల్ల అంటే మంచమంత ప్లైవుడ్ చెక్క. దాని మీద ఒక చిన్న స్టేషన్, చుట్టూ రైలు పట్టాలు. మా మామగారు గురజాల అవతల ఒక చిన్న స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశారు. అది మీటర్ గేజి, అంటే చిన్నలైను కాలం. పట్టాల పక్కనే క్వార్టర్స్. సాయంత్రమయ్యేసరికి మామగారు కిరసనాయిలు దీపం పట్టుకుని సిగ్నల్ నిచ్చెన ఎక్కుతుంటే, కింద నిలబడి చూస్తూ పెరిగాడట మా ఆయన. తర్వాత పెద్దలైను వేశారు, రెక్క సిగ్నళ్లు పీకేశారు, రంగు లైట్లు పెట్టారు. ఆ పాత స్టేషన్ని బల్ల మీద మళ్లీ కట్టుకోవాలని ఆయన కోరిక.

రెక్క సిగ్నల్ ఇప్పటివాళ్లకు తెలియదు. ఎత్తయిన ఇనుప స్తంభం, దాని నెత్తిన ఎర్రటి రెక్క. రెక్క అడ్డంగా ఉంటే బండి ఆగాలి, కిందికి వాలితే రావచ్చు. రంగు వేసి ఊరికే నిలబెట్టే బొమ్మ సిగ్నళ్లు బజార్లో దొరుకుతాయి. మా ఆయనకు అవి అక్కర్లేదు. స్విచ్చి నొక్కితే రెక్క వాలాలి, వదిలితే లేవాలి. పాత రేడియో ఏరియల్‌ని కోసి స్తంభాలు చేశాడు. పౌడర్ డబ్బా రేకుతో రెక్కలు కత్తిరించాడు. ఎర్ర, ఆకుపచ్చ జిలాటిన్ కాగితం ముక్కల వెనక ఆవగింజంత బల్బు పెట్టాడు. చెక్క అడుగున వెంట్రుకలాంటి రాగితీగతో చుట్టిన కాయిలు, అందులో ఇనప పుల్ల. కరెంటు పారితే కాయిలు పుల్లను లాగుతుంది, పుల్ల సన్నటి ఉక్కు తీగను లాగుతుంది, రెక్క వాలుతుంది. స్తంభం మొదట్లో చిన్న సీసం బరువు.

"ఆ బరువెందుకు?" అని అడిగాను ఒకసారి.

"తీగ తెగినా, కరెంటు పోయినా, రెక్క దానంతటది లేచి అడ్డంగా నిలబడాల. లేకపోతే బండ్లు గుద్దుకుంటయ్యి. మా నాయన అన్నిటికంటే ముందు చెప్పింది అదే," అన్నాడు.

ఇక్కడి డాక్టరు మెడలో నరం నొక్కుకుందేమో అన్నాడు. గుంటూరులో సూదులు గుచ్చి కరెంటు పెట్టి చూశారు. హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు కాగితాలన్నీ తిరగేసి మోటార్ న్యూరాన్ జబ్బు అని చెప్పాడు. కండరాలను ఆడించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, చేతులూ కాళ్లూ మాటా మింగుడూ వరసగా పోతాయి, బుద్ధి మాత్రం చివరిదాకా ఎప్పటిలాగే ఉంటుంది. మందు లేదు. వచ్చేటప్పుడు బస్సులో ఆయన కాగితాలు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. కృష్ణా వంతెన దాటాక అన్నాడు.

"మోటార్ జబ్బంటనే. ఎంతమంది మోటార్లు బాగుచేశాను! నా మోటారుకే వైండింగ్ లేదంట."

నేను కిటికీ వైపు తిరిగాను. దాచేపల్లి దాకా మళ్లీ ఇటు తిరగలేదు.

మా మరిది మాచవరంలో మిరప, పత్తి వేస్తాడు. అన్నంటే ప్రాణం. ఎవరో పసరు మందు ఇస్తారంటే కారు మాట్లాడుకుని వచ్చి తీసుకెళ్లాడు. రెండోసారి పిలిస్తే మా ఆయన వెళ్లలేదు.

"నన్ను ఊళ్లెంట తిప్పబాకరా. కుర్చీలో కూచునే ఓపికుండగానే సిగ్నళ్లు పూర్తి చేసుకోవాల," అన్నాడు.

షాపు తన దగ్గర పనిచేసే అతనికి అప్పగించాడు. ఒకరోజు నేను స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే బల్ల దగ్గర నుంచి పిలిచాడు. అప్పటికి కుడిచెయ్యి కూడా ఒడిలోనే ఉంటోంది.

"ఇట్టా కూచో. ఇయ్యాల్టి నుంచి నీ చేతులు నాయి అనుకుంటా."

సుద్దముక్క, ఎర్ర పెన్ను తప్ప పనిముట్టు పట్టిన దాన్ని కాదు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే అట్లకాడలా ఉందన్నాడు. మొదటి రోజంతా తీగలు అతికించాను, బల్బు వెలగలేదు. మళ్లీ అతికించాను, వెలగలేదు. ఆయన కాసేపు నా అవస్థ చూసి అప్పుడు చెప్పాడు.

"తీగ మీద వార్నిష్ పొర ఉంటదే పిచ్చిదానా. బ్లేడుతో గీకితేనే గదా లోపల రాగి తగిలేది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే గుర్తుండదు. ఇప్పుడు చచ్చినా మర్చిపోవు."

నిజమే, మర్చిపోలేదు. కానీ ఎప్పుడూ ఇంత సరసంగా సాగలేదు. వెంట్రుకలాంటి తీగ తెగితే ఆయన ముఖం మాడిపోయేది. ఒక మధ్యాహ్నం, "వేళ్లా అయ్యి, వంకాయలా?" అని అరిచాడు. నేను ఐరన్ స్టాండులో పడేసి వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాను. ఆయన లేచి రాలేడని అప్పుడు గుర్తు లేదు. కుర్చీలోంచి "ఏమే... ఏమే..." అని పిలుస్తూనే ఉన్నాడు. మాటలో ముద్ద అప్పుడే మొదటిసారి విన్నాను. నాలుక మందంగా అడ్డం పడుతున్నట్టు. కళ్లు తుడుచుకుని వెళ్లి మళ్లీ తీగ గీకాను. మాట సంగతి ఇద్దరం ఎత్తలేదు.

హోమ్ సిగ్నల్, అంటే స్టేషన్ మొగదలలో ఉండేది, ఎండాకాలం మొదట్లో పూర్తయింది. స్విచ్చి ఆయనే నొక్కాలని నా కోరిక. వేలు లేవలేదు. ఆయన చెయ్యి ఎత్తి, నా చెయ్యి కింద పెట్టి నొక్కించాను. టక్కున రెక్క వాలింది, కొసన కొంచెం ఊగి ఆగింది. ఎర్ర చుక్క పోయి ఆకుపచ్చ చుక్క వచ్చింది. వదిలితే లేచింది. ఆయన మళ్లీ మళ్లీ నొక్కించమన్నాడు. "అట్టానే ఊగేది. నిజంది గూడా అట్టానే ఊగేది," అన్నాడు. ఆ జబ్బు వచ్చాక మా ఇంట్లో సంతోషం అనదగ్గది ఉంటే ఆ ఒక్క సాయంత్రమే.

తర్వాత అన్నీ డాక్టరు చెప్పిన వరసలోనే వచ్చాయి. కాళ్లు పూర్తిగా పోయాయి. అన్నం మెత్తగా పిసికి, చారుతో పలచన చేసి పెట్టేదాన్ని. పొరపోతే ఊపిరందక ముఖం నల్లబడేది. స్కూలు మానేశాను. ఆస్పత్రి మంచం కావలసి వచ్చింది, దానికి చోటు లేదు. మరిది వచ్చి గదంతా చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"వదినా, ఈ బల్ల తీసేద్దాం. ఇంగ దీంతో పనేముంది?"

ఆయన విన్నాడు. మాట దాదాపు పోయింది కానీ, "ఒరేయ్" అన్నది మాత్రం మాకు స్పష్టంగా తెలిసింది. మరిది తల వంచుకున్నాడు. చివరికి సోఫా, బీరువా పక్కింటి అత్తయ్య వాళ్ల వరండాలో పెట్టించి, మంచాన్ని బల్లకు ఆనించి వేశాం. పడుకుంటే ఆయన కళ్లకు స్టేషన్ సమానంగా కనబడేది.

మిగిలింది ఔటర్ సిగ్నల్. స్టేషన్‌కి ఇంకా దూరంలో, బండికి ముందుగా కనబడేది అది. హోమ్ రెక్క వాలి ఉంటేనే ఔటర్ రెక్క వాలాలి. హోమ్ అడ్డంగా ఉండగా ఔటర్ ఎంత నొక్కినా కదలకూడదు. అసలు పద్ధతి అదేనట. అది లేకపోతే స్టేషన్ కాదు, తిరునాళ్ల బొమ్మ అని ఆయన ఎప్పుడో అన్నాడు. ఆయన మాట బాగున్న రోజుల్లో చెప్పినంతవరకూ నేను కలిపాను. హోమ్ కాయిల్లోంచి వచ్చిన కరెంటే ఔటర్ కాయిల్లోకి పోయేట్టు ఇచ్చాను. అదే సరైనదనుకున్నాను. స్విచ్చి నొక్కితే ఔటర్ రెక్క సగం దాకా దిగి ఆగిపోయింది. అప్పటిదాకా నిండుగా వాలి ఉన్న హోమ్ రెక్క కూడా సగానికి లేచింది. రెండూ గాల్లో వేలాడుతూ గొణుగుతున్నట్టు వణికాయి. తప్పా అని ఆయన వైపు చూశాను. కళ్లు మూసుకుని తెరిచాడు. అంటే అవునని.

ఎలా సరిచేయాలో ఆయనకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. అట్టమీద అక్షరాల పట్టిక రాశాను. నేను వేలు జరుపుతూ పోతే, కావలసిన అక్షరం దగ్గర రెప్ప వేస్తాడు. తెలుగులో ఈ పని ఎంత కష్టమో అప్పటిదాకా తెలుగు చెప్పిన నాకే తెలియదు. అక్షరం పట్టుకోవాలి, తర్వాత దాని గుణింతం పట్టుకోవాలి. ర, గుడి. ల, ఏత్వం. రిలే. ఆ ఒక్క మాటకి పొద్దుటి పూటంతా పోయింది. షాపతన్ని అడిగితే రిలే తెచ్చిచ్చాడు. ఒకచోట కరెంటు పారితేనే ఇంకోచోటికి దారి ఇచ్చే చిన్న నల్లపెట్టె, అడుగున బోలెడు కాళ్లు. ఏ కాలికి ఏ తీగ?

"మేడం, ఇట్టాంటి పని మనం షాపులో చెయ్యం గదా. సారు ఎట్టా అనుకున్నాడో తెలిస్తేనే," అన్నాడతను.

మళ్లీ పట్టిక దగ్గర కూర్చున్నాం. ఆయన రెండు అక్షరాలు చెప్పేలోపు దగ్గు, కఫం. యంత్రంతో కఫం తీసి, మూతి తుడిచి, మళ్లీ మొదలు. అలా ఎన్ని పూటలు కూర్చున్నామో లెక్క పెట్టుకోలేదు. ఒక్క కాలు సంగతి కూడా తేలలేదు.

ఒకరోజు పొద్దున ఆయనంతట ఆయనే కళ్లతో పట్టిక వైపు చూపించాడు. తీసుకొచ్చాను. వ దగ్గర రెప్ప వేశాడు. తర్వాత ద. తర్వాత కొమ్ము.

"వదు... వదులా? తీగ వదులుగా ఉందా?"

ఆయన చూస్తున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. దొరికిందనుకున్నాను. టార్చి పట్టుకుని బల్ల కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, ఒక్కొక్క అతుకూ వేలితో లాగి చూశాను. మెడ పట్టేసింది. ఒక్కటీ వదులుగా లేదు. బయటికి వచ్చి, "అన్నీ గట్టిగానే ఉన్నాయండీ, ఏది వదులు?" అన్నాను.

కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోలేడు కదా. అప్పుడు వెలిగింది నాకు. పట్టికలో ఒత్తులు రాయలేదు నేను. ఆయన చెప్పింది వదులు కాదు. వద్దు.

"ఈ సిగ్నల్ వద్దా?" అన్నాను. కళ్లు కదల్లేదు. "అసలు రైలే వద్దా?" కదల్లేదు. "మరి ఏది వద్దండీ?" అని, ఆయన ముఖం చూశాక ఇంకేమీ అడగలేకపోయాను. పట్టిక మంచం కింద పెట్టి, ఆయన చెవుల్లో నీళ్లు తుడిచి, పక్కన కూర్చున్నాను. ఆ తర్వాత నేను పట్టిక తెచ్చినా ఆయన కళ్లు మూసుకునేవాడు.

వానాకాలంలో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. గుంటూరు ఆస్పత్రిలో గొంతుకు రంధ్రం చేసి మిషను పెట్టాలా అని అడిగారు. వద్దన్నది దేన్నో అప్పుడు నాకు సందేహం లేకపోయింది. మరిది కాళ్ల మీద పడ్డాడు, పెట్టించు వదినా అని. నేను సంతకం పెట్టలేదు. మర్నాడు ఆయన పోయాడు. మరిది ఇప్పటికీ నాతో మాట్లాడతాడు కానీ కళ్లలోకి చూడడు.

కర్మకాండలు అయ్యాక కొన్నాళ్లు ఔటర్ దగ్గర కూర్చున్నాను. రిలే కాళ్లు ఒక రకంగా కలిపితే ఏమీ కదలలేదు. ఇంకో రకంగా కలిపితే కాయిలు కాలి కమురు వాసన వచ్చింది. దాన్ని చుట్టిన మనిషి లేడు. షాపతనికి ఇస్తే చుట్టి తెచ్చాడు, ఈసారి రెక్క అసలు దిగనేలేదు. నేను సోల్డరింగ్ ఐరన్ కూడా అతనికే ఇచ్చేశాను. ఇల్లు అద్దెది. ఒక్కదాన్ని, ఒక గది చూసుకుని మారాలి. బల్ల అందులో పట్టదు. మరిది పిల్లలు అడిగారని ట్రాక్టర్ మీద మాచవరం పంపించాను. దారిలో గతుకులకు అట్టతో చేసిన స్టేషన్ విరిగిందట. సిగ్నళ్లు మాత్రం బాగానే చేరాయన్నాడు.

స్కూల్లో మళ్లీ చేరాను. ఒకరోజు ఇంటర్వెల్‌లో మరిది ఫోన్ చేశాడు.

"వదినా, పిల్లలు లాగి ఆ రెక్కలు రెండూ ఇరగ్గొట్టారు. గమ్ముతో అతికించొచ్చా?"

"గమ్ముతో ఆగదు అబ్బాయ్. సోల్డర్ చెయ్యాలి."

"మరి నువ్వు ఒకసారొచ్చి..."

"ఐరన్ లేదు నా దగ్గర."

అతను పిల్లల్ని కొట్టానని చెప్పాడు.

"కొట్టబాకు. ఆడుకోనీ," అన్నాను. బెల్ కొట్టారు. ఎనిమిదో తరగతిలో గుణింతాలు రాని పిల్లల్ని వేరే కూర్చోబెట్టి చెప్పాలి, పుస్తకం తీసుకుని వెళ్లాను.