పొట్టు పొగ

కలప కోతమిల్లులో ఆమెను అందరూ గయ్యాళి అంటారు. అననీ! కన్నతల్లి ఊపిరందక గిలగిల్లాడుతుంటే నోరు మూసుకు కూర్చునే మంచితనం ఎవడిక్కావాలి? రంపపు పొట్టు ఊడ్చేది ఆమె. ఊడ్చిన పొట్టును మిల్లు వెనక కుప్ప పోయించి తగలబెట్టించేది యజమాని. ఆ పొగంతా తిన్నగా దూరేది పక్కనే ఉన్న ఆమె ఇంట్లోకి.

పోట్లాడి పోట్లాడి చివరికి ఆయన నోట ఒక్క మాట రప్పించింది. "సరే, మీ డ్రమ్ము పనిచేస్తే కుప్ప అంటించను. ఇక నా బుర్ర తినకు."

ఆ డ్రమ్ము తయారుచేసింది ఆమె మొగుడు, వెల్డింగు పనివాడు. ఎండిన పొట్టు అందులో నింపి, గాలి చొరకుండా మూత బిగించి, కింద మంట పెడతారు. లోపల పొట్టు మండదు, మగ్గుతుంది. గొట్టంలోంచి వచ్చే ఆవిరిని నీళ్ళతో చల్లారిస్తే నల్లటి నూనె దిగుతుంది. కలప ఆరబెట్టే పొయ్యికి ఆ నూనె చాలు. డ్రమ్ములో మిగిలేది బొగ్గు.

పరీక్ష రోజున నూనె బొట్టుబొట్టుగా సీసాలో పడింది. మిల్లు మిల్లంతా చుట్టూ మూగింది. అంతమందిని చూసేసరికి మొగుడికి ఒళ్ళు తెలియలేదు.

"బొగ్గు కూడా చూపిస్తా, ఉండండి!" అంటూ మూత మీద చెయ్యేశాడు.

"చల్లారనీయవయ్యా! గాలి తగిలితే అంటుకుంటుంది!"

ఆమె అరుస్తుండగానే తీసేశాడు మహానుభావుడు. లోపలి బొగ్గు భగ్గుమంది. జనం తలో దిక్కుకు పరుగెత్తారు. మొగుడి కనుబొమలు కాలిపోయాయి. ఆమెకు రవ్వంత జాలి కూడా కలగలేదు.

"ఇదీ తగలబెట్టడమేగా! దీనికి డ్రమ్మెందుకు?" యజమాని పకపకా నవ్వి, కుప్ప అంటించమని కేకేశాడు.

"నా బుద్ధి గడ్డి తిందే..." మొగుడు గొణిగాడు.

"నీ సంగతి తర్వాత చెప్తా. ముందు అమ్మ కుర్చీ పట్టు."

ఇద్దరూ ముసలామెను కుర్చీతో సహా మోసుకొచ్చి కుప్ప పక్కనే దింపారు. యజమాని ఉలిక్కిపడ్డాడు.

"ఇదేం అఘాయిత్యం? ఇంటికి తీసుకెళ్ళు!"

"అక్కడికొచ్చేదీ ఈ పొగే కదండీ. ఇక్కడైతే మీరూ కళ్ళారా చూస్తారు."

ముసలామె ఆగి ఆగి ఊపిరి తీసుకుని యజమాని వైపు తిరిగింది. "అంటించు నాయనా. ఇన్నాళ్ళూ నా దగ్గు నీకు వినపడలేదుగా."

అగ్గిపుల్ల గీయడానికి మిల్లులో ఒక్కడూ ముందుకు రాలేదు.