పార్కు జాగాలో నిమ్మకాయలు

మొన్న ఉదయం మా వీధిలోకి మైకు కట్టుకున్న ఆటో ఒకటి వచ్చింది. ఆదివారం వార్డు సభ ఉందట. పేటలోని ఖాళీ జాగాలను ఎలా బాగుచేసుకోవాలో, ఎక్కడ చెట్లు పెట్టాలో, ఎక్కడ బెంచీలు వేయాలో ప్రజలే వచ్చి చెప్పాలట. పక్కింటివాళ్ళు గేటు దగ్గర నిలబడి అప్పుడే ఉత్సాహంగా లెక్కలు వేసుకుంటున్నారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. కర్ణాటక సరిహద్దు ఊరు పావగడలో మా పెద్దమ్మ ఒకప్పుడు ఈ ప్రశ్నే తన వీధినంతా అడిగింది. ఆమెను అడగమని ఏ మైకూ చెప్పలేదు.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. తిరుమణిలో వాళ్ళ వేరుశనగ చేలు సోలార్ పలకల కిందికి పోయాక, పెద్దనాయన పావగడ అంచున కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టించాడు. నాకు ఆ ఊరి బ్యాంకుకు బదిలీ అయితే వాళ్ళ మేడమీది గదిలోనే ఉన్నాను. నలభై దాటిన నన్ను ఆమె వీధి వీధంతా వినేలా "పాపా" అని పిలిచేది. ఆమెకు ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. చేనిగట్టు మీద కూర్చుని అన్నం తిన్న మనిషి, నాలుగు గోడల మధ్య కుర్చీలో కూర్చుంటే ఆస్పత్రికి వచ్చినట్టుందనేది. పెద్దనాయన బాధ వేరు. సేద్యం లేని చేతులను ఏం చేసుకోవాలో తెలియక, ప్రహరీ లోపలి నిమ్మచెట్టుకు పొద్దస్తమానం నీళ్ళు పోసేవాడు. "ఇంకొంచెం పోస్తే ఆ చెట్టు ఈత నేర్చుకుంటాది," అనేది పెద్దమ్మ.

ఆ వీధి నడుమ ఒక ఖాళీ జాగా ఉండేది. నక్షాలో దాని పేరు పార్కు. నేలమీద మాత్రం కంపచెట్లు, సీసాపెంకులు, పందులు. మధ్యాహ్నం పనులు తెమిలాక పెద్దమ్మ కొంగు దోపుకుని గడపగడపకూ వెళ్ళి, ఆ జాగాలో ఏముంటే బాగుంటుందని అడిగింది. ఎదురింటామె పిల్లలకు ఉయ్యాల కావాలంది. మూలమీది మెకానిక్కుకు నీడ చాలు. కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలకు, ఎవరూ తేరిపార చూడకుండా షటిల్ ఆడుకునే చోటు కావాలి. నిడుగల్లు నుంచి వచ్చి స్థిరపడిన ముసలాయన, అటుగా పోయే గొర్రెలకు ఒక నీళ్ళతొట్టి పెట్టమన్నాడు. గొర్రెలు వీధివాళ్ళు కావని ఎవరో అంటే, నేనూ కాదు గదప్పా అన్నాడు. కొందరు మాత్రం వినాయకుడి గుడి కట్టేద్దామన్నారు. గుడి ఉంటే జాగాను ఎవరూ కదిలించలేరని వాళ్ళ యోచన. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "గుడి కడితే తాళం పడతాది. తాళం పడే జాగా నాకొద్దు," అంది. పురసభకు, అంటే అక్కడి మున్సిపాలిటీకి, అర్జీ ఇచ్చి, జవాబు కోసం ఆగకుండా అందరూ కలిసి కంప కొట్టేశారు. కానుగ మొక్కలు నాటారు. ఎక్కడినుంచో ఒక రాతిబండ దొర్లించుకొచ్చి, కూర్చోవడానికి రాళ్ళమీద అమర్చారు. ఆ కొద్దిరోజులూ సాయంత్రమైతే ఆ వీధి ఇళ్ళలో మనుషులుండేవాళ్ళు కాదు.

తరువాత ఒక తెల్లకారు రావడం మొదలైంది. వీధి చివర ఇంజను ఆపకుండా నిలబడేది. ఎవరూ దిగేవాళ్ళు కాదు. ఒక ఉదయం చూస్తే కానుగ మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకి ఉన్నాయి. విసిరేసి ఉంటే ఎవరో తాగుబోతు పని అనుకునేవాళ్ళం. నిద్రపుచ్చిన పిల్లల్లా వరసగా, తలలన్నీ ఒకే వైపుకు పెట్టి పడుకోబెట్టారు. లేఅవుట్ వేసినవాళ్ళ మనుషులని కొందరు, కాదు, జాగా ఎప్పుడో పెద్దవాళ్ళ చేతికి పోయిందని ఇంకొందరు గుసగుసలాడారు. పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆ తరువాతి అమావాస్యకు బండమీద కోసిన నిమ్మకాయలు కనిపించాయి, పసుపూ కుంకుమా పూసి. పిల్లలను ఇళ్ళలోకి లాక్కున్నారు. పెద్దమ్మ చూసింది, ఇంట్లోకి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది, కాయలు కడిగి అందరి ముందరే అందులో పిండింది. "ఎండలో ఉండారు, తాగండప్పా," అంది. ఒక్కరూ చెయ్యి చాపలేదు. ఆమె నావైపు చూస్తోంది గనుక నేను తాగాను. ఆ రోజంతా నా కడుపును నేనే అనుమానంగా గమనించుకున్నాను.

నిమ్మకాయలు మళ్ళీ వచ్చాయి. మనుషులు రావడం తగ్గింది. ఒక తెల్లవారుజామున కొళాయి నీళ్ళ కోసం లేచి మేడమీద నుంచి చూద్దును గదా, ఆ బండ దగ్గర వంగి కాయలు పేరుస్తున్నది పెద్దనాయన. నేను కిందికి దిగేసరికి ఆయన గేటు దగ్గర నన్ను చూసి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

"మొక్కలు నేను పీకలే పాపా. నిమ్మకాయలొకటే నాయి," అన్నాడు.

ఎందుకని అడిగాను. ఆయన గొంతు బాగా తగ్గించాడు. "ఆ కారోళ్లు నాకాడికి వచ్చినారు. మీ పెద్దమ్మ ఇంట్లో లేదు. టీ తాగినారు, బాగున్నావా పెద్దాయనా అన్నారు. మీ ఆమె పొద్దున్నే పాలకి ఒక్కతే రోడ్డు మింద పోతాది గదా, లారీలు జాస్తి తిరుగుతాండాయి, జాగ్రత్త అన్నారు. నగుతా చెప్పినారు పాపా. తిట్టింటే ఇంత బయపడను." తువ్వాలు భుజాన వేసుకుని, "ఆమె మనిషికి బయపడదు. దేవుడికైనా బయపడతాదేమో అనుకుంటి," అన్నాడు.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్ళు నమిలాను. "నిమ్మకాయల సంగతేనా?" అంది తలెత్తకుండా. "మన చెట్టు కాయ నాకు తెల్దా? తోలు పలచన, నీళ్లు జాస్తి. మొదటి దినమే తెలిసిపాయ. అడిగితే ఆయన చెప్పాల. చెప్తే నేను వినాల. అందుకే అడగలే." నేను లారీల మాట చెప్పాను. ఒలిచే చెయ్యి ఆగింది. "ఇది తెల్దు," అంది.

మర్నాడు పాలకు బయలుదేరితే పెద్దనాయన కూడా చెప్పులేసుకున్నాడు. ఆమె వద్దనలేదు, ఆయన కారణం చెప్పలేదు. రోడ్డెక్కాక ఆయన లారీలు వచ్చే వైపుకు మారి నడవడం మేడమీద నుంచి చూశాను. సాయంత్రాలు బండమీద ఇద్దరే కూర్చునేవాళ్ళు. ఎదురిళ్ళ కిటికీ తెరలు కదిలేవి.

ఒకసారి బంధువుల పెళ్ళికి ముగ్గురం నిడుగల్లు వెళ్ళి, మరుసటి రోజు తిరిగొచ్చాం. జాగా చుట్టూ గోడ లేచి ఉంది. ఇనుపగేటు, దానికి తాళం. లోపల బండ లేదు. సిమెంటు ఇంకా తడిగానే ఉంది. అంత గోడ కట్టేటప్పుడు చప్పుడు కాకుండా ఉండదు. వీధంతా చూసింది. అందరి ఇళ్ళలోనూ మా నంబరు ఉంది. ఎవరూ ఫోను చెయ్యలేదు. గుడి కట్టింటే నిలిచేదేమోనని ఎదురింటామె అంటే పెద్దమ్మ సంచీ ఎత్తుకుని ఇంటివైపు నడిచింది. ఇంటికొచ్చాక నాతో, "బయపడినోళ్లని ఏమనేదిలే పాపా," అంది. కానీ ఆ తరువాత ఆమె ఎవరి గడపకూ వెళ్ళి ఏమీ అడగలేదు. అర్జీకి జవాబు నేను బదిలీ అయి వెళ్ళేదాకా రాలేదు.

పోయినేడు చూడటానికి వెళ్ళాను. పిల్లలు ఆ గోడమీద బొగ్గుతో వికెట్లు గీసి క్రికెట్ ఆడుకుంటున్నారు. లోపల ఏముందని అడిగితే ఒక పిల్ల బ్యాటు ఆపి నన్ను వింతగా చూసింది. "ఏమో ఆంటీ, అది ముందునుంచీ అట్లనే ఉండాది," అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. కాలం అన్నిటినీ చెరిపేస్తుందంటారు గానీ, అది చేసే పని అంతకన్నా నిదానమైనది. నిన్న కట్టిన గోడను కొన్నేళ్ళు ఎండకూ వానకూ వదిలేసి, మొదటినుంచీ అక్కడే ఉందని మనచేతే చెప్పిస్తుంది.