ఎల్లమ్మ బండికి జామీను

1944లో నేను గద్వాలలో ఒక పరపతి సంఘంలో గుమస్తాను. అప్పు కావాలంటే భూమి పట్టా తాకట్టు పెట్టాలి, లేదా జామీను తేవాలి. అంటే, ఈ మనిషి కట్టకపోతే నేను కడతానని ఆస్తిపరుడెవరైనా సంతకం చేయాలి. నెల జీతగాడికి ఆ జీతమే హామీ. రెక్కల కష్టం మీద సొంతంగా బతికేవాళ్లకు మాత్రం మా గడప ఎక్కడమే గగనం.

ఎల్లమ్మ అలాంటి మనిషి. గత్తర సోకి మొగుడు పోయాక, అతను తోలిన కిరాయి బండినే ఆమె తోలసాగింది. ఊళ్ల నుంచి బుడ్డల బస్తాలు, అంటే వేరుశనగ, రైలు స్టేషనుకు చేర్చేది. కిరాయిలో సగం బండి యజమానికే పోయేది. సొంత బండీ ఎడ్లూ కొనుక్కుంటానని అప్పు అడగడానికి వచ్చింది.

మా సంఘానికి పెద్ద ఒక వేరుశనగ వ్యాపారి. అందరూ సేటు అనేవారు.

“పట్టా ఉన్నదా?” అన్నాడు.

“లేదు సేటూ.”

“జామీను ఎవరుంటరు?”

“నాకెవరుంటరు?”

“మరి రేపు ఎడ్లనమ్ముకొని రాయచూరు దిక్కు పోతె నేనెవర్ని పట్టుకోవాలె?”

ఎల్లమ్మ ముఖం ఎర్రబడింది.

“మొన్న గట్టు ఊరి నుంచి నీ బుడ్డల బస్తాలు ఒక్కదాన్నే తోలుకొచ్చిన. గవి అమ్ముకొని పోతనని భయం కాలేదా? గప్పుడు జామీను అడగలేదేంది?”

నేను ఉండబట్టలేక, “ఆ బస్తాలు ఈమె అడిగే అప్పుకంటే ఎక్కువే చేస్తాయి సేట్” అన్నాను.

“నువ్వు రాసేటోనివి. కాదని రాయి” అన్నాడు.

రాశాను. కోపంతో కలం పాళీ కాగితాన్ని చించింది.

సేటు అంతటితో ఊరుకోలేదు. బండి యజమానికి కబురు చేసి, ఆమె చేతిలోని కిరాయి బండి కూడా ఊడబీకించాడు. నోరెత్తినందుకు శిక్ష. ఎల్లమ్మ గంజ్ మార్కెట్టులో కూలికి బుడ్డలు వొలుస్తూ కూర్చుంది. ఆమెను చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది.

మండింది నాకొక్కడికే కాదు. ఆ వారమే సేటు సరుకు కోసం స్టేషనులో వ్యాగను వచ్చి నిలిచింది. సరుకు నింపకుండా ఊరికే నిలబెడితే రైల్వేవాళ్లు డెమరేజీ అనే జరిమానా వేస్తారు. పైన మబ్బులు కమ్ముకుంటున్నాయి. బండ్లవాళ్ల పెద్ద ఖాసిం వచ్చి సేటు ముందు నిలబడ్డాడు.

“ఎల్లమ్మకు సొంత బండి వచ్చేదాంక నీ సరుకు ముట్టం సేట్.”

“దానికీ మీకూ ఏంది సంబంధం?”

“ఇయ్యాల ఆమె, రేపు మేము. మాలో పట్టా ఎవనికున్నది?”

సేటు అరిచాడు, బతిమాలాడు, ఎక్కువ కిరాయి ఇస్తానన్నాడు. ఒక్క బండీ కదలలేదు. మొదటి చినుకులు పడుతుంటే సేటు సంఘానికి వచ్చి, ఎల్లమ్మ అప్పుకు జామీను కాగితం మీద తానే సంతకం గీకాడు.

ఎల్లమ్మ ఒక్క కిస్తు కూడా తప్పలేదు. ఆఖరు కిస్తు కట్టిన రోజు సేటు పక్కనున్నవాళ్లతో, “చూసిండ్రా, ఆడమనిషికి బతుకుదారి నేనే చూపిన” అన్నాడు.

“చూపినవ్ సేటూ, బయటికి పోయే దారి” అని ఎల్లమ్మ గడప దిగింది.

ఆ తర్వాత అప్పు కోసం ఎవరొచ్చినా నేను ముందు పట్టా సంగతి ఎత్తలేదు. “ఇన్నాళ్లూ నిన్ను నమ్మి ఎవరేం అప్పజెప్పారు?” అని అడిగేవాణ్ణి. ఆ జవాబును దరఖాస్తులో అన్నిటికన్నా పైన రాసేవాణ్ణి. కాదనేవాళ్లు అది చదివాకే కాదనాలి.