నీలం దారం అతుకు

పాత కార్ల షెడ్డులో ఆవిడను అందరూ సూదక్క అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు కానీ, పెట్టినవాళ్ళు పెద్దగా బుర్ర ఖర్చు చేసినట్టు లేదు. ఆవిడ పని సీట్లు కుట్టడం. చిరిగిన సీటు, కుంగిన సీటు, సిగరెట్టుతో కాలిన సీటు, పిల్లలు పాలు ఒలకబోసిన సీటు, ఏదైనా సరే, ఆవిడ చేతిలో పడితే మూడో రోజుకల్లా ఇంతవరకూ ఎవరూ కూర్చోని సీటులా తయారవుతుంది. అలాంటి మనిషి తన ఇంటికి ఒక పాత కారు ఎంచడానికి కూర్చుని పదకొండు నెలలయింది. ఇంకా ఎంచలేదు.

ఇంట్లో ఉన్నది చిన్న కారు. అత్తగారు దాన్ని అగ్గిపెట్టె అంటుంది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరికీ అది చాలా పెద్దదే. ఇప్పుడు ఐదుగురు. పైగా మోకాలి ఆపరేషన్ అయ్యాక అత్తగారి కుడికాలు పూర్తిగా మడవదు. ఆవిడ కోసం ముందు సీటు వెనక్కి జరిపితే వెనక కూర్చున్న పెద్దపిల్ల మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. చిన్నది మధ్యలో ఇరుక్కుని, బయలుదేరిన దగ్గర నుంచి దిగేదాకా ఎవరో ఒకరి మీద ఫిర్యాదు చేస్తూనే ఉంటుంది. బండి మాత్రం తక్కువ తిన్నదా? వంతెన ఎక్కేటప్పుడల్లా ముక్కుతూ మూలుగుతూ అత్తగారితో పోటీ పడుతుంది.

భర్త పళ్ళ సెట్లు చేసే మేస్త్రి. ఒక్క పన్ను వరసలో కుదరడానికి నాలుగుసార్లు అరగదీసే ఓర్పు ఆయనది. "నువ్వు రోజూ వాటి మధ్యే ఉంటావు. నువ్వు ఏది బాగుందంటే అది కొందాం" అన్నాడు. ఆ ఓర్పును ఆవిడ పదకొండు నెలల పాటు పరీక్షకు పెడుతుందని ఆయనకు అప్పుడు తెలియదు.

మొదటి కారు చూపిస్తే కార్పెట్టు కింద తడి వాసన అంది. రెండోదానికి తలుపు రబ్బర్లు కొత్తవి, ఎందుకు మార్చారో అంది. మూడోది అంతా బాగుంది, ఇంత బాగుంటే అనుమానంగా ఉంది అంది. "మా రోజుల్లో పెళ్ళికొడుకులకు కూడా ఇన్ని వంకలు పెట్టలేదే" అని అత్తగారు, కొడుకు చేసిచ్చిన పళ్ళ సెట్టు సర్దుకుంటూ దెప్పిపొడిచింది. ఇరవయ్యో కారు దాటాక దెప్పడం కూడా మానేసింది.

చూసిన ప్రతి కారులోనూ సూదక్క చేసే పని ఒకటుంది. ఇంజను జోలికి పోదు. టైర్లను కాలితో తన్ని చూడదు. వెనక తలుపు తీసి, ఎడమవైపు సీటు బెల్టును చివరిదాకా లాగి, ఊపిరి బిగబట్టి వింటుంది. అది ఆ పనిలో వాళ్ళకు తెలిసిన రహస్యం కాబోలు అనుకున్నాడు భర్త. రహస్యమే, కానీ ఆ పనిలో వాళ్ళది కాదు. ఆవిడ ఒక్కదానిది.

తొమ్మిదేళ్ళ కిందట, చిన్నది కడుపులో ఉన్నప్పుడు, షెడ్డుకు ఒక పెద్ద కారు వచ్చింది. మూడు వరసల బండి, తెల్లది, ఎడమ పక్కంతా నొక్కుకుపోయింది. నంబరు పలకలు లేవు. రోడ్డు పక్క గోతిలోకి ఒరిగిపోయిందట. రేకులు మార్చడం, రంగు వేయడం వేరేవాళ్ళ పని. ఆవిడ లోపల చూసింది. మధ్య వరసలో ఎడమవైపు బెల్టు రెండు ముక్కలై ఉంది. తెగలేదు, కోశారు. కత్తెరో కత్తో, ఏటవాలుగా, తొందరతో కోసిన కోత. లోపల ఉన్నవాళ్ళను బయటికి లాగడానికి ఎవరో కోసి ఉంటారు. ఆ ముక్కకు పసుపు రంగు ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి పెట్టి ఉంది. బెల్టు చిన్నపిల్లల మెడకు ఒరుసుకోకుండా కిందికి పట్టి ఉంచే క్లిప్పు అది. అంటే ఆ సీట్లో కూర్చున్నది చిన్నపిల్ల.

షెడ్డు పెద్దాయన వచ్చి చూశాడు. "కొత్త బెల్టు రావాలంటే నెల పడుతుందమ్మా. రేపు పొద్దున్నే బేరం ఉంది. చూడ్డానికి బాగుంటే చాలు, నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. ఆయన రాక్షసుడేం కాదు. అందరిలాగే తొందరలో ఉన్న మనిషి. ఆవిడ పనిలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు. సీటు గుడ్డ వేరు, బెల్టు వేరు అని తెలుసు. గుడ్డ అతుకు ఊడితే స్పాంజి కనిపిస్తుంది, బెల్టు అతుకు ఊడితే మనిషి పోతాడు. అయినా నోరు మెదపలేదు. రెండు ముక్కలనూ రెండు వేళ్ళ వెడల్పున ఒకదానిమీద ఒకటి పెట్టి, రెండు పేటల దారంతో కుట్టింది. సగంలో నల్లదారం అయిపోతే నీలం దారం ఎక్కించి, పైన బూటు పాలిష్ రుద్దింది. లాగి చూస్తే, ఆ అతుకు, సీటు పైనున్న ఇనుప రింగులోంచి దూరేటప్పుడు మాత్రం టక్ మని చప్పుడయింది. కారు మర్నాడే అమ్ముడుపోయింది.

ఆ టక్ మాత్రం పోలేదు. చిన్నది పుట్టాక గాజుల పెట్టె మూత వేసినా, పక్కింటివాళ్ళు గొళ్ళెం పెట్టినా, భర్త పళ్ళ అచ్చు బల్లమీద పెట్టినా, ఆవిడ చెవికి అదే వినబడేది. వంట చేస్తూ చేస్తూ గరిట పట్టుకుని అలా నిలబడిపోయేది. వీధిలో ఆ రకం కారు ఏది కనబడ్డా ఆగి, మధ్య వరస అద్దంలోంచి లోపలికి తొంగి చూసేది. ఒకసారి ఎవరో దొంగ అనుకుని కేకలేశారు కూడా. ఆ బెల్టు నుంచి తీసిన పసుపు క్లిప్పు దారాల డబ్బాలో అడుగున ఉండిపోయింది. పారేయడానికి చెయ్యి రాలేదు.

ఇక కారు ఎంచడం సంగతి. ప్రతి షెడ్డులోనూ తనలాంటి సూదక్క ఒకతి ఉండి తీరుతుందని ఆవిడకు గట్టి నమ్మకం. మెరిసే ప్రతి కారులోనూ తనకు తెలియని అతుకు ఒకటి ఎక్కడో ఉందని అనిపించేది. మరి పిల్లల్ని ఎందులో కూర్చోబెట్టాలి?

ఆ ఆదివారం పొద్దున మెకానిక్ ఫోన్ చేశాడు. షెడ్డులో చేరి మూడేళ్ళయిన కుర్రాడే అయినా, చెవితో విని ఇంజను రోగం చెప్పేస్తాడని పేరు. "అక్కా, బూడిదరంగు బండి ఒకటి వచ్చింది. సర్వీసు పుస్తకంలో ఒక్క పేజీ ఖాళీ లేదు. ఇంజను నిద్రపోతున్న పిల్లాడిలా ఉంది. దీనికి కూడా వంక పెడితే నువ్వు నడిచి తిరగడమే మేలు" అన్నాడు. ఇల్లంతా కదిలింది. అగ్గిపెట్టెలో ఐదుగురూ ఇరుక్కుని షెడ్డుకు చేరారు.

అత్తగారు ముందు సీటెక్కి, కాలు పూర్తిగా చాపి, మరి దిగనని ప్రకటించింది. పెద్దపిల్ల చివరి వరసలో పడుకుని చూసింది. భర్త కొద్దిదూరం నడిపి, తిరిగి తెచ్చి ఆపి, "పేరు పెట్టడానికి లేదు" అన్నాడు. పత్రాల కోసం, రెండో తాళం ఇవ్వడానికి అమ్మేవాళ్ళు కూడా అప్పుడే వచ్చారు. బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ, పద్నాలుగేళ్ళ కూతురు. తొమ్మిదేళ్ళు వాడిన బండిని వదల్లేక ఆ అమ్మాయి బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడింది.

సూదక్క ఎప్పటిలా బెల్టు లాగి చూసేలోపే, చిన్నది మధ్య వరసలో ఎడమవైపు ఎక్కి తనే లాగింది.

టక్.

సూదక్క పరుగున వచ్చింది. తలుపు తీసి, చిన్నదాని భుజం మీదుగా బెల్టు పట్టుకుంది. పాలిష్ ఎప్పుడో అరిగిపోయింది. సగం నల్లదారం, సగం నీలం దారం. తన చేతి కుట్టు తనకు తెలియకుండా పోతుందా? తెల్ల రంగు మీద బూడిద రంగు వేసుకుని, తొమ్మిదేళ్ళు ఊరంతా తిరిగి, తన పిల్లను వెతుక్కుంటూ వచ్చినట్టు వచ్చింది ఆ కారు. ఆవిడ నిజంగా అలాగే అనుకుంది. "దిగు" అంది. చిన్నది దిగలేదు. "దిగమన్నానా" అంటూ చెయ్యి పట్టి కిందికి దింపింది.

"అక్కడ గరుగ్గా ఉంటుందాంటీ" అంది టీచరమ్మ కూతురు, దగ్గరికి వచ్చి. "నా మెడకు గీసుకునేది. అమ్మ మెత్తటి గుడ్డ చుట్టేది. నిన్ననే తీసేశాం." చెప్తూ జడ పక్కకు తీసి చూపించింది. మెడ మీద చిన్న నల్లటి కాయ. తన అతుకు అంతే వెడల్పు.

పక్కనే ఉన్న షెడ్డు పెద్దాయనకు విషయం అర్థమైపోయింది. సూదక్కను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు. "కొత్త బెల్టు నేనే వేయిస్తాను. ఇవాళే, నా చేత్తో. వాళ్ళ పిల్లను చూడు, గుండ్రాయిలా ఉంది. ఏం కాలేదు కదా. ఇప్పుడు చెప్పి ఎవరిని ఉద్ధరిస్తావమ్మా?"

ఆ మాటలో అబద్ధం లేదు. కొత్త బెల్టు వేయిస్తే కారు మంచిదే. మెకానిక్ చెవి అబద్ధం చెప్పదు. అత్తగారి కాలికి చోటుంది. పదకొండు నెలల వెతుకులాట తీరిపోతుంది. తను నోరు మూసుకుంటే చాలు. కానీ ఒకసారి నోరు మూసుకుంటే ఎన్నేళ్ళు వినబడుతుందో ఆ షెడ్డులో ఆవిడకొక్కదానికే తెలుసు. నేరుగా టీచరమ్మ ముందుకు వెళ్ళింది.

"అమ్మా, ఆ బెల్టు కుట్టింది నేను. మీరు కొనకముందు ఈ బండికి ప్రమాదం అయింది. బెల్టు కోసేసి ఉంటే దారంతో అతికి పాలిష్ పూశాను. గట్టిగా బ్రేకు పడి ఉంటే అది ఆగేది కాదు. నాకు తెలిసే చేశాను."

భర్త చేతిలో తాళాలు అలాగే ఉండిపోయాయి. టీచరమ్మ చాలాసేపు ఆ బెల్టునే చూసింది. తర్వాత ఆవిడ చెయ్యి దానంతట అదే కూతురి మెడ మీదికి వెళ్ళింది.

"రోజూ తిట్టేదాన్ని దీన్ని" అంది. "గుచ్చుకుంటుందమ్మా, పెట్టుకోనమ్మా అని ఏడిస్తే, ప్రాణం కన్నా ఎక్కువా అని తిట్టి మరీ పెట్టించేదాన్ని."

సూదక్కకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అరుస్తుందేమో, కొడుతుందేమో అని ఎదురుచూసింది. అరిస్తే బాగుండేది. టీచరమ్మ మాత్రం, లెక్క మధ్యలో తప్పిపోయిన అంకె కోసం వెతికేదానిలా, నెమ్మదిగా ఒక్కటే అడిగింది.

"మా అమ్మాయి కంటే ముందు అక్కడ కూర్చున్న పిల్ల ఏమైంది?"

"తెలియదు" అంది సూదక్క. "నేను అడగలేదు."

అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనూ అడగలేదమ్మా" అన్నాడు.

టీచరమ్మ కూతురిని తీసుకుని వెళ్ళిపోయింది. ఇచ్చిన తాళం వెనక్కి తీసుకోలేదు. సూదక్క తన కత్తెర తెచ్చి, ఆ బెల్టును అతుకు దగ్గర రెండుగా కోసేసింది. పెద్దాయన వద్దనలేదు.

అగ్గిపెట్టె ఆ రోజు వంతెన ఎక్కేటప్పుడు మూలిగినా ఎవరూ నవ్వలేదు. ఇంటి ముందు బండి ఆపాక భర్త అడిగాడు. "ఇన్నేళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు అడుగుతారని. ఆ పిల్ల ఏమైందని."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడే మళ్ళీ అంది. "ఏమండీ, ఆ కారే కొందాం. మెకానిక్కుకు ప్రమాదం సంగతి చెప్పి, కింద నుంచి పైదాకా మళ్ళీ విప్పి చూడమందాం. బెల్టులన్నీ కొత్తవి వేయిద్దాం. మిగతా ఏ కారులో ఏముందో నాకు తెలియదు. దాని గుట్టు నాకు తెలుసు."

మెకానిక్ మూడు రోజులు బండి కిందే పడుకుని చూశాడు. గోతిలో పడ్డా వెన్ను వంగలేదని తేల్చాడు. పెద్దాయన వారం పాటు సూదక్కతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు, ఇక మీదట షెడ్డులోకి వచ్చే ప్రతి బండికీ బెల్టులు ఆవిడ చూసి సరే అన్నాకే బేరం పెడతామని మెకానిక్కుతో ఆవిడకు కబురు పంపాడు.

ఇప్పుడు ఆ బూడిదరంగు కారులో అత్తగారు ముందు సీట్లో కాలు చాపుకుని రాణిలా కూర్చుంటుంది. పిల్లలిద్దరికీ చివరి వరస. మధ్య వరసలో ఎడమవైపు సీటు సూదక్కది. వేరే ఎవరినీ కూర్చోనివ్వదు. అక్కడ కొత్త బెల్టు. లాగితే చప్పుడు కాదు. అయినా లాగిన ప్రతిసారీ ఆవిడ ఒక క్షణం ఆగుతుంది.

ఒకరోజు చిన్నది దారాల డబ్బాలో పసుపు క్లిప్పు చూసి, పట్టుకుని కారెక్కింది. "అమ్మా, ఇది ఎవరిది?"

"ఈ సీట్లో ఒక పిల్ల కూర్చునేది. తనది."

"తన పేరేంటి?"

సూదక్క క్లిప్పు తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది.

"తెలియదు" అంది. "అడగాల్సింది."